కావిడి పట్టీ

మా మరిది భార్గవ్ కనిపెట్టిన వస్తువుకి పేరు పెట్టింది నేనే. వాడు దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాడు, పలకబోతే తుమ్ము వచ్చేలా ఉంది. "అసలు ఏం చేస్తుందిరా ఇది?" అని అడిగాను. "ఒక మనిషి దగ్గర బరువు ఎక్కువైతే కాస్త తీసి పక్కవాళ్ళకి సర్దుతుంది వదినా" అన్నాడు. "అయితే కావిడి అని పెట్టు, అందరికీ తెలుస్తుంది" అన్నాను. వాడు పకపకా నవ్వి ఆ పేరే ఖాయం చేశాడు. ఎంత బాగా సర్దినా కావిడి ఎవరో ఒకరి భుజం మీదే ఉంటుందన్న సంగతి అప్పుడు నాకు తోచలేదు. వాడికి తోచిందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

నా పేరు నాగమల్లీశ్వరి. విజయవాడలో హోటల్ కృష్ణతరంగ్ లాండ్రీకి ఇన్‌ఛార్జిని. మా హోటల్లో రెండు లోకాలున్నాయి. సర్వీసు తలుపుకి అవతల అందరూ సార్లూ మేడమ్‌లూ. ఇవతల అందరూ అక్కలూ అన్నలూ బాబాయిలూ. ఆ తలుపు తోసుకుని లోపలికి రాగానే నేను మల్లక్కని. పేరు పెట్టి పిలిచేవాళ్ళు, పేచీ పెట్టుకునేవాళ్ళు, నా టిఫిన్ డబ్బా నన్నడక్కుండానే తెరిచేవాళ్ళు అందరూ ఆ తలుపుకి ఇవతలే ఉండేవాళ్ళు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో మాకు నేర్పేది దుప్పటి పరచడం కాదు, నవ్వడం. కాలు బెణికినా నవ్వాలి, గెస్టు కసిరినా నవ్వాలి. ఎలా ఉన్నావని ఎవరడిగినా "చాలా బాగున్నాను సర్, మీకేమైనా కావాలా?" అనాలి. కొన్నేళ్ళకి అది ముఖానికి అతుక్కుపోతుంది. ఇంట్లో దొంగ దూరినా ముందు నమస్కారం పెట్టి ఆ తరవాతే కేకలేస్తానని మా ఆయన నన్ను ఏడిపిస్తుంటాడు.

ఈ విద్యలో మా అందరికీ గురువు పేర్రాజు బాబాయ్. ముందు ద్వారం దగ్గర తలపాగా చుట్టుకుని చేతులు జోడించి నిలబడే మనిషి ఆయనే. భీమవరం వైపు మనిషి. పెద్ద మీసాలు, వాటి కింద చిన్న నవ్వు. భార్య పోయి కర్మలు అయిన మర్నాడే డ్యూటీకి వచ్చి, ఆ నవ్వు కొలత తగ్గకుండా నవ్వాడు. ఆ రోజు సర్వీసు తలుపు వెనక నిలబడి మేమందరం ఏడ్చాం గాని ఆయన ఏడవలేదు.

బెజవాడ వాళ్ళకి ఎండ కొత్త కాదు. కానీ ఆ ఏడు మే నెలలో వచ్చింది మేం ఎరిగిన ఎండ కాదు. కరెంటు తీగల మీద కాకులు కూర్చున్నవి కూర్చున్నట్టే రాలిపోయాయి. ట్రాన్స్‌ఫార్మర్లు ఒకదాని తరవాత ఒకటి కాలిపోయి, ఊరంతా కరెంటు పోయింది. మా హోటల్‌కి డాబా మీద సొంత సోలార్, సెల్లార్‌లో పెద్ద బ్యాటరీలు ఉన్నాయి కాబట్టి ఏసీలు ఆగలేదు. అపార్ట్‌మెంట్లలో ఉండే పెద్దవాళ్ళంతా గదులు తీసుకుని దిగిపోయారు. మునిసిపాలిటీ వాళ్ళు పంపిన ముసలివాళ్ళకి మూడో అంతస్తు ఇచ్చారు. పగలు రోడ్డు మీద తిరగొద్దని హెచ్చరికలు వచ్చాయి. దాంతో స్టాఫ్ ఎవరూ ఇళ్ళకి వెళ్ళడానికి లేదు, అందరం హోటల్లోనే ఉండిపోవాలన్నారు.

మా జనరల్ మేనేజర్ చక్రపాణి గారు అందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, "చూడండమ్మా, ఇది ఎమర్జెన్సీ. మనమంతా ఒక ఫ్యామిలీ" అన్నారు. ఫ్యామిలీ అన్న మాట ఆయన నోట వచ్చిందంటే ఓవర్‌టైం ఉందని మాకు తెలుసు.

వెనక వరసలోంచి సైదమ్మ లేచింది. సైదమ్మ నా లాండ్రీలో ఇస్త్రీ మనిషి. పల్నాటి పిల్ల, నోటికి తాళం ఉండదు. చేరిన మొదటి వారంలో ఆమెకి నవ్వడం నేర్పింది నేనే. "ఫ్యామిలీ అంటే మా ఫ్యామిలీలు కూడా ఉన్నాయి గదా సార్. మా అమ్మ, నా ఇద్దరు పిల్లలు సింగ్‌నగర్‌లో రేకుల ఇంట్లో ఉడికిపోతన్నారు. కింద బ్యాంక్వెట్ హాలు ఖాళీగానే ఉంది గదా. మా వాళ్ళని అందులో పడుకోనీయండి. మేం ఎన్ని గంటలు చెయ్యమంటే అన్ని గంటలు చేస్తాం" అంది.

క్యాంటీన్‌లో అందరూ ఒక్కసారిగా "అవును సార్, అవును" అన్నారు. నేనూ అన్నాను. కృష్ణలంకలో మా ఇల్లు పెనంలా కాగుతోంది. మా ఆయనకి బీపీ. బస్సు డిపోలో మెకానిక్ కాబట్టి పగలు డిపో షెడ్డులో, సాయంత్రం ఆ పెనంలో ఉంటున్నాడు.

చక్రపాణి గారు నీళ్ళు నమిలారు. హాలు గెస్టుల కోసం రిజర్వులో ఉంచామన్నారు. పక్కన కూర్చున్న హెచ్చార్ వైదేహి మేడమ్ మైకు అందుకుని, "మీ మనసు బాగోగులు చూడటం మా బాధ్యత. అందుకే ఒక సైంటిస్టుని పిలిపించాం" అంది. తలుపు తెరుచుకుని లోపలికి వచ్చిన సైంటిస్టుని చూసి నా గుండె ఉప్పొంగింది. భార్గవ్!

నేను కాపరానికి వచ్చేనాటికి భార్గవ్ రెండో తరగతి. తల్లి లేదు. వాడికి జడుపు జ్వరం వస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేను. పరీక్షలప్పుడు స్కూలు గేటు బయట నిలబడ్డది నేను. పెరుగు మీద మీగడ ఎవరు తిన్నా నేను ఊరుకునేదాన్ని కాదు, అది వాడిది. అంత చిన్నవాడు మెదడు మీద పరిశోధన చేసి, హోటల్ కంపెనీ పిలిస్తే తన యంత్రాన్ని పట్టుకుని మా క్యాంటీన్‌కి వచ్చాడు. సంతోషం పట్టలేకపోయాను.

వాడు ప్రయోగం అక్కడే అందరి ముందూ, మా లాండ్రీ వాళ్ళ మీదే చేసి చూపించాడు. రూపాయి బిళ్ళంత పట్టీ ఒకటి నా చెవి వెనక, ఇంకోటి సైదమ్మ చెవి వెనక అంటించాడు. "సైదమ్మగారూ, ఫోన్‌లో మీ పిల్లల ఫోటో చూడండి" అన్నాడు. చూడగానే ఆమెకి ఏడుపు ఆగలేదు. భార్గవ్ చేతిలో ఉన్న ట్యాబ్ మీద వేలితో మీటాడు. అంతే. నా ఛాతీ మీద తడి దుప్పట్ల మూట పెట్టినట్టు బరువెక్కింది. ఎందుకో తెలియదు, ఏడుపు వచ్చేస్తోంది. అటు సైదమ్మ ముక్కు తుడుచుకుని తేటగా ఊపిరి పీల్చుకుంది.

"అయ్యో అక్కా, నీ కళ్ళల్లో నీళ్ళేంది?" అంది.

"ఇవి నీవే సైదమ్మా" అన్నాను.

ఒకరి దుఃఖం ఇంకొకరు నిజంగా పుచ్చుకోవడం మేం అదే మొదటిసారి చూడటం. భయం, దిగులు, అలసట, ఏదైనా అంతేనట. ఒంటి నొప్పి తగ్గదు, మనసు మీది బరువు మాత్రం అందరికీ చిటికెడు చిటికెడుగా సర్దుబాటవుతుంది. "జనరల్ మేనేజర్ గారి నుంచి గిన్నెలు తోమేవాళ్ళ దాకా అందరం పెట్టుకుంటాం. అందరం ఇస్తాం, అందరం పుచ్చుకుంటాం" అంది వైదేహి మేడమ్. చక్రపాణి గారు అందరి ముందూ చెవి వెనక అంటించుకుని చూపించారు కూడా. పట్టీ మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది.

అయినా ఎవరూ కదల్లేదు. అందరూ నా వంక చూశారు.

"మా భార్గవ్ అబద్ధం ఆడడు. నేను పెంచిన పిల్లాడు" అన్నాను. ఆ మాట మీద వరస కట్టారు. బ్యాంక్వెట్ హాలు సంగతి ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు.

మొదటి రోజు నాకు ఊపిరాడలేదు. ఎవరి దిగులో, ఎవరి మోకాళ్ళ నొప్పి విసుగో, ఎవరి ఇంటి బెంగో తెలియదు గాని, మడత పెట్టిన దుప్పటినే మళ్ళీ మళ్ళీ మడత పెట్టాను. సాయంత్రం భార్గవ్‌తో చెప్పాను. "గుండె దడదడలాడుతోందిరా. నువ్వు తగిలించిన కావిడి నన్ను నేలకి వంచేస్తోంది" అన్నాను. వాడు పెద్దమనిషిలా నా తల మీద చెయ్యి వేసి, "రేపటికి సర్దుకుంటుంది వదినా" అన్నాడు.

నిజంగానే సర్దుకుంది. మర్నాటి నుంచి నాకు ఎంత హాయిగా ఉందంటే, పాటలు పాడుకుంటూ దుప్పట్లు మడతలు పెట్టాను. వంటింట్లో డేవిడ్ "నా వల్ల కాదక్కా, తల పగిలిపోతోంది" అని పట్టీ పీకేస్తే, నేనే వెళ్ళి మళ్ళీ అంటించాను. "నన్ను చూడరా. నాకెంత తేలిగ్గా ఉందో చూడు. ఒక్క రోజు ఓర్చుకో, సర్దుకుంటుంది" అన్నాను. అలా ఎంతమందికి చెప్పానో! కంపెనీవాళ్ళు జీతమిచ్చి పెట్టుకున్నా నాకంటే బాగా ప్రచారం చేసేవాళ్ళు దొరకరు.

డేవిడ్‌కీ సర్దుకుంది. అందరికీ సర్దుకుంది. హోటల్ అద్దంలా నడిచింది. తగాదాల్లేవు, అలకల్లేవు, ఇంటికెళ్ళాలన్న గోలా లేదు. గెస్టులు మా నవ్వులు చూసి మురిసిపోయారు.

అలాంటి రోజుల్లో ఒకసారి మా ఆయన ఫోన్ చేశాడు. "బతికే ఉన్నావా తల్లీ? నాలుగు రోజులుగా ఫోన్ లేదు, పలకరింపు లేదు" అన్నాడు.

"నువ్వు చెయ్యొచ్చుగా" అన్నాను.

"నేను చెయ్యడమేంటి! ఎండకాలంలో గంటకోసారి ఫోన్ చేసి మందు వేసుకున్నావా, మజ్జిగ తాగావా అని ప్రాణం తీసేది నువ్వు గదా. నీ పోరు లేకపోతే ఏమీ తోచడం లేదు. మొన్న డిపోలో కళ్ళు తిరిగి పడ్డాను, తెలుసా?"

"అవునా, జాగ్రత్త మరి" అన్నాను. ఫోన్ పెట్టేశాక కాసేపు దాని వంకే చూశాను. మనిషి కళ్ళు తిరిగి పడ్డానంటే నేను అలా అనాల్సింది కాదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాల్సింది. కాళ్ళు కదల్లేదు. కదలాలని మనసుకి అనిపించలేదు. భయం తీసేస్తే దానితో పాటు ఇంకేదో కూడా పోతోందని అప్పుడు లీలగా అనిపించింది. ఈ మాట భార్గవ్‌ని అడుగుదామని మజ్జిగ గ్లాసు తీసుకుని వాడి దగ్గరికి వెళ్ళాను.

బిజినెస్ సెంటర్ గదిని వాడికి ప్రయోగశాలగా ఇచ్చారు. తెర మీద చుక్కలు, చుక్కల మధ్య గీతలు. ఒక్కో చుక్క ఒక్కో మనిషి అట. గీతలన్నీ వెంట్రుకల్లా సన్నగా ఉన్నాయి. ఒక్క చుక్క దగ్గర మాత్రం అన్ని వైపుల నుంచీ వచ్చి కుప్ప పడ్డాయి.

"ఇదేంట్రా, పాపం ఈ ఒక్కళ్ళ మీదా ఇన్ని పడ్డాయి?"

"అతను అద్భుతమైన మనిషి వదినా" అన్నాడు కళ్ళు మెరుస్తుంటే. "యంత్రం కెమెరాల్లో ముఖం చూసి, గొంతు విని, ఎవరికి ఇంకా మోసే ఓపిక ఉందో వాళ్ళకి పంపుతుంది. ఇతనికి ఎంత పంపినా ముఖంలో తేడా రావడం లేదు. నాడి కొంచెం పెరుగుతోంది గాని, ముఖం చూస్తే ప్రశాంతం! ఇలాంటి మనిషి దొరకడం నా అదృష్టం."

"ఎవరది?"

"పేర్లు చెప్పకూడదు వదినా, రూలు" అన్నాడు. మజ్జిగ తాగి గ్లాసు నా చేతికిచ్చాడు. నేను అడగాలనుకున్నది అడగడం మర్చిపోయి వచ్చేశాను.

లాబీ దాటుతుంటే ద్వారం దగ్గర పేర్రాజు బాబాయ్ కనిపించాడు. అద్దం తలుపు అవతల ఎండ తెల్లగా మండుతోంది. ఆయన జోడించిన చేతులు వణుకుతున్నాయి. ముఖం మాత్రం మామూలే, మీసాల కింద చిన్న నవ్వు.

"ఎలా ఉన్నారు బాబాయ్?"

"నాకేంటమ్మా, భేషుగ్గా ఉన్నానండి. మీకేమైనా కావాలాండి?"

నన్ను గెస్టుని అడిగినట్టు అడిగాడని నవ్వుకున్నాను. సరదాకి అన్నాడనుకున్నాను. మా వాళ్ళు చెయ్యకూడని పొరపాటు అది. ఎదుటివాడు నవ్వితే గెస్టులు నమ్మాలి గాని, ఆ నవ్వు ఎలా తయారవుతుందో తెలిసిన నేను నమ్మకూడదు. నమ్మాను.

రెండు రోజులకి సన్మానం పెట్టారు. ఎండ ఇంకా తగ్గలేదు. ఇంత కష్టంలోనూ చెదరని నవ్వుతో సేవ చేస్తున్న స్టాఫ్‌ని కంపెనీ ఛైర్మన్ తెర మీద నుంచి అభినందిస్తారట. మధ్యాహ్నం లాబీలో మమ్మల్ని వరసల్లో నిలబెట్టారు. మెట్ల మీద నుంచి గెస్టులు ఫోన్లతో వీడియోలు తీస్తున్నారు. అందరి తరఫునా శాలువా కప్పించుకోవడానికి పేర్రాజు బాబాయ్‌ని ముందుకి పిలిచారు.

చక్రపాణి గారు శాలువా కప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. బాబాయ్ చేతులు జోడించి నవ్వాడు. అలా నవ్వుతూనే, చేతులు విడదీయకుండానే, ముందుకి పడిపోయాడు. పాలరాయి నేల మీద నుదురు కొట్టుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేల మీద పడ్డాక కూడా ముఖం మీద నవ్వు పోలేదు. 

భార్గవ్ పరిగెత్తుకొచ్చి ఆయన చెవి వెనక పట్టీ పీకేశాడు.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఆ తరవాత మా వరసల్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది ఏడుపూ కాదు, కేకా కాదు. డేవిడ్ పొట్ట పట్టుకుని చతికిలబడ్డాడు. రిసెప్షన్ అమ్మాయి కౌంటర్ పట్టుకుని జారిపోయింది. ఇన్ని రోజులుగా పేర్రాజు బాబాయ్ మీద వాలిన భయాలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగి వచ్చి పడ్డాయి. వరసలు వరసలే కూలబడ్డాయి. సైదమ్మ నేల మీద కూర్చుని ఫోన్ తీసి, "అమ్మా, అమ్మా, ఎత్తు అమ్మా" అంటోంది. అవతల ఎవరూ ఎత్తడం లేదు.

గెస్టులు కాక కూలబడనివాళ్ళు నలుగురే. చక్రపాణి గారు. వైదేహి మేడమ్. భార్గవ్.

నేను.

ముందు నాకు అర్థం కాలేదు. నేనింకా ఎందుకు నిలబడి ఉన్నానా అని నా కాళ్ళ వంక చూసుకున్నాను. చెవి వెనక తడిమి చూసుకుంటే పట్టీ వెచ్చగానే ఉంది, పనిచేస్తూనే ఉంది. కింద కూర్చున్నవాళ్ళంతా తలెత్తి చూస్తున్నారు. ముందు చక్రపాణి గారి వంక, తరవాత వైదేహి మేడమ్ వంక, చివరికి నా వంక చూశారు. వాళ్ళిద్దరినీ చూసినప్పుడు ఆ కళ్ళల్లో ఆశ్చర్యం లేదు. నన్ను చూసినప్పుడు ఉంది.

"భార్గవ్, ఏంట్రా ఇది?" అన్నాను.

వాడు బాబాయ్ పక్కనే మోకాళ్ళ మీద ఉన్నాడు. "తరవాత చెప్తాను వదినా, ముందు అంబులెన్స్..."

"ఇక్కడే చెప్పు. అందరూ వినేలా చెప్పు."

వాడు చక్రపాణి గారి వంక చూశాడు. ఆయన నేల చూపులు చూస్తున్నారు. భార్గవ్ గొంతు తగ్గించి, "నిర్ణయాలు తీసుకునేవాళ్ళ తల తేలిగ్గా ఉండాలి అన్నారు వదినా. అందుకని మేనేజ్‌మెంట్ పట్టీలు ఇటు నుంచి పంపుతాయి, అటు నుంచి తీసుకోవు" అన్నాడు.

"నాది?"

వాడు బాబాయ్ మీది శాలువా సర్దాడు.

"నాది ఏం చేశావురా?"

"నీకు గుండె దడగా ఉందన్నావు గదా" అన్నాడు. ఆ గొంతు విని నాకు రెండో తరగతి భార్గవే గుర్తొచ్చాడు. "ఆ రాత్రే మార్చేశాను. నీది పోతుంది, ఎవరిదీ రాదు. నిన్ను ఎలా కష్టపెడతాను వదినా? నువ్వు నాకు అమ్మవి."

ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో వాడికి తెలియదు. వదినా అంటూనే పెరిగాడు గాని ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. అన్నాడు. పడిపోయిన ముసలాయన పక్కన కూర్చుని, నా వాళ్ళందరి ముందూ అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది.

"నా భయాలు కూడా ఈయన మీదికే వెళ్ళాయా?"

"కొన్ని..."

"ఆయన నాడి పెరుగుతోందని నీకు తెలుసు. నాతో చెప్పావు."

"ముఖం బాగానే ఉంది వదినా!" అన్నాడు, తప్పు నాదన్నట్టు. "ముఖంలో ఏ తేడా లేదు. ఫలితాలు అంత బాగా వస్తుంటే, ఆపితే మళ్ళీ మొదటి నుంచి... ఇంకో రెండు రోజులు చాలనుకున్నాను."

నేను చెవి వెనక పట్టీ పీకి పారేశాను. వెంటనే మా ఆయన కళ్ళ ముందుకొచ్చాడు. డిపోలో కళ్ళు తిరిగి పడ్డానన్న మాట అప్పుడు నా చెవికెక్కింది. నేనూ కూలబడ్డాను. కూర్చున్నాను గాని, అందరికంటే ఆలస్యంగా కూర్చున్నాను. నా పక్కనున్న సైదమ్మ కాస్త పక్కకి జరిగింది. నాకు చోటిచ్చింది అనుకున్నాను. కాదు.

అంబులెన్స్ బాబాయ్‌ని తీసుకెళ్ళాక, మా వాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి పట్టీలు పీకి రిసెప్షన్ కౌంటర్ మీద పడేశారు. ఎవరూ అరవలేదు. డేవిడ్ వెళ్ళి బ్యాంక్వెట్ హాలు తలుపులు బార్లా తెరిచాడు. "సార్, సాయంత్రానికి మా వాళ్ళని తెచ్చుకుంటున్నాం" అని చక్రపాణి గారితో చెప్పాడు, అడగలేదు. ఛైర్మన్ ఇంకా తెర మీద ఉన్నాడు కాబట్టి ఆయన తలూపారు. ఎండ వాలాక హోటల్ వ్యాన్లు సింగ్‌నగర్‌కి, కృష్ణలంకకి, రాణిగారితోటకి వెళ్ళాయి. ముసలివాళ్ళు, పిల్లలు, తడి గుడ్డలు కప్పుకున్న బాలింతలు ఆ షాండ్లియర్ల కింద కార్పెట్ మీద పడుకున్నారు. మా ఆయన కూడా వచ్చాడు. నన్ను చూసి, "మందు వేసుకున్నావా అని అడగవేం?" అన్నాడు. అడిగాను, ఏడ్చుకుంటూ అడిగాను.

వ్యాన్ సైదమ్మ వాళ్ళ అమ్మని తేలేదు. ఆమెకి రెండు రోజుల కిందటే వడదెబ్బ తగిలింది. ఇరుగుపొరుగు వాళ్ళు ఆస్పత్రిలో చేర్పించి, పిల్లల్ని వాళ్ళ ఇంట్లో ఉంచుకున్నారు. "ఆ రెండు రోజులూ నేను నవ్వుకుంటా దుప్పట్లు మడత పెట్టాను. ఒక్కసారి ఫోన్ చెయ్యాలని కూడా నాకు అనిపించలేదు" అంది సైదమ్మ, గోడతో చెప్పుకుంటున్నట్టు. ఆమె తల్లి బతికింది. కానీ మనుషుల్ని గుర్తుపట్టదు. మనవల చేతులు మాత్రం తడిమి చూస్తుంటుంది.

జూన్‌లో వానలు పడ్డాయి. హోటల్‌కి వెళ్ళడానికి ముఖం చెల్లక అప్పటిదాకా సెలవులోనే ఉన్నాను. పేర్రాజు బాబాయ్‌ని చూడటానికి భీమవరం వెళ్ళాను. అరుగు మీద పడక కుర్చీలో కూర్చున్నాడు. మీసాల కింద ఏమీ లేదు. అన్నేళ్ళలో ఆయన ముఖం నవ్వు లేకుండా చూడటం అదే మొదటిసారి, ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు.

"నీది కూడా మోశానా అమ్మా?" అని అడిగాడు.

"మోశారు బాబాయ్."

"మోస్తే మోశాన్లే. నా బిడ్డల్లాంటోళ్ళేగా మీరంతా. ఒక్క మాట చెప్పుంటే బాగుండేదండి. నా బెంగేననుకున్నాను. నాకు పిచ్చెక్కుతోందేమోనని ఎవరికీ చెప్పుకోలేక, ద్వారం దగ్గర నిలబడి నవ్వాను" అన్నాడు. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఆ ఆదివారం భార్గవ్ ఇంటికొచ్చాడు. లోపాలు సరిదిద్దమని కంపెనీ వాడికి పెద్ద ప్రయోగశాల ఇస్తోందట. ఇక మీదట ముఖాన్ని నమ్మకుండా నాడినే చూస్తుందట. కంచం ముందు కూర్చుని వాడు ఇదంతా చెప్తుంటే నేను అన్నం వడ్డించాను, పప్పు వడ్డించాను. పెరుగు గిన్నె తీసుకున్నప్పుడు మీగడ పక్కకి తోసి, కింది పెరుగు వేశాను. వాడు మాట ఆపి కంచంలోకి చూశాడు. తలెత్తి నా ముఖంలోకి చూశాడు.

"నీ కోసమే చేశాను వదినా" అన్నాడు.

"తెలుసు. నన్నడిగి చెయ్యాల్సింది" అన్నాను. వాడు సగం తిని లేచాడు. నేను ఆపలేదు. వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను, అంతే. వాడి మీద ప్రేమ పోలేదు, అదే నా ఖర్మ. నమ్మకమే పోయింది.

సెలవు ముగించుకుని మర్నాడు హోటల్‌కి వెళ్ళాను. సర్వీసు తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే అందరి మాటలూ ఆగిపోయాయి. లాండ్రీలో సైదమ్మ ఇస్త్రీ చేస్తోంది. దగ్గరికి వెళ్ళి, "అమ్మకి ఎలా ఉంది సైదమ్మా?" అని అడిగాను. తిడుతుందేమో, తిట్టాలి. ఆ ఇస్త్రీ పెట్టె నా మీద విసిరినా సరే అనుకున్నాను. "నీ మాట నమ్మి పెట్టుకున్నాం గదక్కా" అని ఒక్కసారి అరిస్తే ఆమె కాళ్ళ మీద పడదామని దారంతా అనుకుంటూ వచ్చాను.

సైదమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. నిటారుగా నిలబడింది. చేతులు జోడించింది. ఆమె ముఖం మీదికి నవ్వు వచ్చింది. నేనే నేర్పిన నవ్వు అది, ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"చాలా బాగుంది మేడమ్. మీకేమైనా కావాలా?" అంది.